ఒకే పాకలో పండుగా, దీక్షా

మా మామగారు ఏటా ఏడు రోజులు సొంత ఇంట్లో అన్నం తినరు. అలిగి కాదు, బైబిల్లో ఉన్న పర్ణశాలల పండుగ అని. యూదులు చేసుకునే పండుగ మనకెందుకండీ అని మా పాస్టరుగారే రెండుసార్లు అడిగి ఊరుకున్నారు. ఎల్బీనగర్‌లో మా గేటుకూ వరండాకూ మధ్య ఉన్న ఖాళీ జాగాలో తాటాకులు, ఈతకొమ్మలు వేసి ఆయన పాక కడతారు. ఆ ఏడు రోజులూ భోజనం అందులోనే. వంట మాత్రం ఇంట్లో, అంటే మోసేది నేనే.

పాకకు ఆయన పెట్టిన చట్టాలు చాలా ఉండేవి. అది పరిశుద్ధ స్థలం కాబట్టి చెప్పులు బయట విడవాలి. లోపల అబద్ధం ఆడకూడదు, ఫోనులో కూడా. అందుకని మా ఆయన ఆఫీసు ఫోన్లన్నీ రోడ్డు మీదికి వెళ్లి మాట్లాడేవారు. కప్పులోంచి చుక్కలు కనబడాలి, దట్టంగా కప్పితే దేవుడి మీద నమ్మకం చాలనట్టు. వాన పడి చారులోకి చినుకులు రాలితే "విశ్వాసం అంటే ఇదేనమ్మా" అని ఆ చారే తాగేవారు. ఆయన విశ్వాసం తాగేవారు, తడిసిన చాపలు నేను ఆరేసేదాన్ని. ఇక సేవ కోసమని, దారిన పోయే ఎవరైనా వస్తే పెట్టడానికి ఒక కంచం అదనంగా ఉండేది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆ కంచంలో తిన్నది ఒక్క కరెంటు మీటరు చూసే మనిషే. అతను కూడా పప్పు చప్పగా ఉందన్నాడు.

రోజూ సాయంత్రం ఆయన ఒక చిన్న ప్రసంగం చేసేవారు. ఈ భూమ్మీద మనం పరదేశులం, ఇక్కడ ఎవరికీ సొంత ఇల్లంటూ లేదు, ఉన్నదల్లా ఈ పాకే అని. చాలా సంతోషంగా చెప్పేవారు. సకల జనుల సమ్మె ఏడాది అదే మాట ఇంకో రకంగా ఎదురు గోడ మీద ఎవరో పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు, ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని. మామగారిది ఒంగోలు పక్క పల్లె. ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లూ పరదేశినని తనే చెప్పుకున్న మనిషి, ఇంకొకరు ఆ మాట అనేసరికి తట్టుకోలేకపోయారు. పేపరు చదవడం మానేశారు. నోరు విప్పితే యాస తెలిసిపోతుందని పాలవాడితో సైగలు చేసేవారు. పాక కట్టే రోజున మా ఆయనతో, "ఇదే ఇక్కడ ఆఖరి పండుగ. ఇల్లు అమ్మేసి ఒంగోలు పోదాం" అన్నారు. మా ఆయన తలూపారు.

నన్నెవరూ అడగలేదు. నేను పుట్టింది పోచంపల్లి పక్కన, పెరిగింది దిల్‌సుఖ్‌నగర్‌లో, ఉద్యోగం పెద్ద అంబర్‌పేట్ దగ్గర సర్కారు బడిలో. సమ్మెలో నేనూ ఉన్నాను. ఇల్లు అమ్మితే నా బతుకంతా ఇక్కడ వదిలేసి పోవాలి. పాకలో అబద్ధం ఆడకూడదు గానీ నోరు మూసుకోవచ్చు. నేను మూసుకున్నాను.

పండుగ మూడో రోజు పొద్దున్న మా కాలనీ మూల మీదున్న రిలే నిరాహార దీక్ష టెంటు గాలివానకు చిరిగిపోయింది. ప్రతి సందులోనూ దీక్షే కాబట్టి టెంట్‌హౌసుల్లో గుడ్డముక్క కూడా దొరకలేదట. దీక్ష నడిపిస్తున్న కాలేజీ లెక్చరరు మా గేటు ముందు నిలబడి పాక వంక చాలాసేపు చూశాడు. ఆ రోజు దీక్షలో కూర్చోవలసిన ఏడుగురిలో అతనూ ఉన్నాడు, నేనూ ఉన్నాను.

"సార్, మీకు తక్లీఫ్ లేకుంటే గీ గుడిసెల కూసుంటం. పొద్దుగూకేదాంకనే" అన్నాడు.

మామగారు ఇరకాటంలో పడ్డారు. కాదంటే ఏమవుతుందోనన్న భయం ఒకవైపు. వచ్చినవాళ్లను కాదనకూడదన్న సొంత చట్టం ఇంకోవైపు. "రండి బాబూ, చెప్పులు బయట విడవండి" అని, కాసేపాగి, "అయితే ఒంటిగంటకు నేనిందులో భోంచెయ్యాలి" అన్నారు.

"దీక్షల అన్నం ఎట్ల తింటరు సార్?"

"పర్ణశాలలో తినకుండా ఎలా ఉంటాం బాబూ?"

ఇద్దరూ మర్యాదస్తులే. అరగంట చర్చించుకుని పాక మధ్యలో మా ఇంట్లో ఉన్నవాటిలో కాస్త మంచి దుప్పటి కట్టారు. వీధివైపు సగం దీక్ష, వరండావైపు సగం పండుగ. నేను మెడలో బంతిపూల దండ వేసుకుని దీక్ష వైపు కూర్చున్నాను. ఒంటిగంటకు దుప్పటి అవతలి నుంచి "అమ్మాయ్, కాస్త వడ్డిస్తావా" అని వినిపించింది. దండతోనే లేచి వెళ్లి గోంగూర పప్పు, చేపల పులుసు వడ్డించి వచ్చి మళ్లీ కూర్చుని జై తెలంగాణ అన్నాను. ఆ వాసనకు నా పక్కనున్న చీరల దుకాణం పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

"పులుసుల మెంతిపొడి ఏసినవా చెల్లె?"

"ఏసిన అన్నా."

ఏడుగురం ఒక్కసారే గుటక వేశాం. ఆ చప్పుడు అవతలికి వినబడినట్టుంది. మామగారు దుప్పటి ఎత్తి చూశారు. కలిపిన ముద్ద చేతిలో అలాగే ఉంది. "ఇది సంతోషంగా తినాల్సిన పండుగ. ఇంతమంది ఆకలితో కూర్చుంటే నాకు సంతోషం ఎక్కడిది? మీ దీక్ష అయ్యాకే తింటాను" అని చెయ్యి కడిగేసుకున్నారు. ఆయనకు షుగరు. మాత్ర అప్పటికే వేసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. దీక్షలో ఉన్నవాళ్లు కోప్పడకూడదని ఎవరూ చెప్పలేదు కాబట్టి గట్టిగానే కోప్పడ్డాను. పోనీ ఇంట్లో తినమన్నాను. ఈ ఏడు రోజులూ ఇంట్లో ఎలా తింటానన్నారు.

దీక్ష ఐదింటికి ముగియాలి. కానీ కూర్చున్నవాళ్లు తమంతట తాము లేచి తినకూడదు. ఒక పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇచ్చి విరమింపజేయాలి. మాకు ఇవ్వవలసిన నాయకుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక్కో సందులో నిమ్మరసం ఇచ్చుకుంటూ వస్తున్నాడు. ఐదున్నరకు చైతన్యపురి అన్నారు. ఆరింటికి కొత్తపేట అన్నారు. ఆరుంబావుకు మళ్లీ చైతన్యపురి అన్నారు, అక్కడ ఒక దీక్షను మర్చిపోయాడట. నాయకుడు రానిదే మేం తినం. మేం తిననిదే మామగారు తినరు. బల్ల మీద ఏడు గ్లాసుల నిమ్మరసం ఈగలు తాగుతున్నాయి.

అప్పటికి మామగారికి నుదుటి మీద చెమటలు పట్టాయి, చేతులు వణుకుతున్నాయి. నేను లేచి దుప్పటి అవతలికి వెళ్లి ఒక గ్లాసు ఆయన చేతిలో పెట్టాను.

"మీరే ఇయ్యుండ్రి మామయ్యా."

కోడలిగా వచ్చిన నాటి నుంచీ ఆయనతో ఆయన యాసలోనే మాట్లాడేదాన్ని. ఆ పూట నా మాట నాకొచ్చేసింది.

ఆయన గొంతు బాగా తగ్గించి, "నేను ఆంధ్రావాణ్ణమ్మా. నేనిస్తే వీళ్లు తాగుతారా?" అన్నారు.

ఎంత తగ్గించినా దుప్పటి దుప్పటే, గోడ కాదు. అందరికీ వినబడింది. లెక్చరరు దుప్పటి పక్కకు లాగాడు.

"పెద్దమనిషి ఇయ్యాలె అన్నరు గని, ఏ జిల్లా పెద్దమనిషో ఎవరు చెప్పలె సార్. జర జల్ది ఇయ్యుండ్రి, పానం పోతున్నది."

మామగారు ఒక్కొక్కరికీ ఇచ్చారు. ఆ నీరసంలోనూ గ్లాసుకొక ప్రార్థన చేశారు. తొందరగా అయిపోతుందని చీరల దుకాణం పెద్దాయన రెండో ప్రార్థనకే మధ్యలో ఆమెన్ అనడం మొదలుపెట్టాడు. లెక్చరరు తన గ్లాసులో సగం తాగి, మిగతా సగం ఆయన నోటికి అందించి, చక్కెర ఉంది తాగమన్నాడు. దుప్పటి విప్పేసి అందరం విస్తళ్లు వేసుకుని కలిసి తిన్నాం. వడ్డించేసరికి చేపల పులుసు నాకు మిగల్లేదు.

మిగిలిన రోజులూ దీక్ష పాకలోనే సాగింది. అందరూ ఆకలితో ఉండగా మామగారు తినలేరని ఆయన భోజనం పదింటికే, దీక్ష మొదలవక ముందే అయ్యేట్టు ఒప్పందం కుదిరింది. సాయంత్రం విరమణ ఆయన చేతుల మీదుగానే, ఏడుగురికీ కలిపి ఒకటే ప్రార్థన అన్న షరతు మీద. అయినా ఇల్లు అమ్మే మాట ఆయన వెనక్కి తీసుకోలేదు. ఏ జవాబు వస్తుందోనని నేను అడగలేదు.

పండుగ ముగిసిన మర్నాడు మామగారు నిచ్చెన, కత్తి పట్టుకుని పాక తాళ్లు కొయ్యడానికి వచ్చారు. ఏడు రోజులు దాటితే పాక ఉండకూడదని ఆయన లెక్క. లోపల దీక్షవాళ్లు అప్పటికే దండలతో కూర్చున్నారు. లెక్చరరు నిచ్చెన వంకా కత్తి వంకా చూశాడు.

"ఏంది సార్" అన్నాడు, నిజంగానే నొచ్చుకుని. "మమ్ముల ఎల్లగొడుతున్నరా?"

మామగారు నిచ్చెన మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు పెట్టి అలాగే ఉండిపోయారు. ఆ ప్రశ్న తను ఎవరినైనా అడగాల్సి వస్తుందేమోనని రెండు నెలలుగా నిద్రపోని మనిషి ఆయన. తననే ఎవరో ఆ ప్రశ్న అడుగుతారని అనుకోలేదు.

"లేదు బాబూ" అన్నారు. "మీరుండండి. నేనూ ఉంటాను."

కత్తి నా చేతికిచ్చి, లోపలికి వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నారు. నేను కత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఏడ్చాను. దారిన పోయేవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు.