ముందుగాల తినేటోళ్లు

పోయిన శుక్రవారం పొద్దున మా పెద్దమ్మ పోయింది. మా అమ్మకు సొంత అక్క. టేకులపల్లి దాటి అడవిలోపలికి పోతే వచ్చే చిన్న ఊరు ఆమెది. ఆ ఊర్లనే పుట్టింది, ఆ ఊరోనికే ఇచ్చిండ్రు, ఆ ఊర్లనే పోయింది. కబురు మాత్రం ఊరోళ్లెవరూ చెప్పలే. ఆశా వర్కరు ఫోన్ చేసింది. ఆమె డ్యూటీ మీద ఇంటింటికి తిరిగే మనిషి, పెద్దమ్మ గడప తొక్కినా ఎవరూ ఏమనరు. "మీ పెద్దమ్మ లేస్తలేదమ్మా, ఒళ్లు సల్లగైంది, జల్దీ రాండ్రి" అన్నది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందుగాల వచ్చింది కోపమే.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూసున్న. నడుమల నా కోపం అడ్డం వస్తే మీరే ఓర్సుకోవాలె.

పెద్దమ్మ మందిల బతికే మనిషి. పక్కన ఎవరన్న లేకుంటే ఆమెకు ముద్ద దిగకపోయేది. తునికాకు కోతకు పోయినా, ఇప్పపువ్వు ఏరబోయినా, మధ్యాహ్నం సద్ది విప్పిండ్రంటే ఆమె కూర అందరి గిన్నెలల్ల పడాల్సిందే, అందరి కూర ఆమె గిన్నెల పడాల్సిందే. "ఒక్కదాన్నే తింటే అన్నం నోట్లెనే తిరుగుతది బిడ్డా, లోపలికి పోదు" అనేది. పెండ్లి పాటల ఎవరి గొంతన్న తప్పితే అక్కడికక్కడే ఆటపట్టించేది. పిల్లలు కాలే. పెదనాయిన జల్దీ పోయిండు. అయినా ఆమె ఒంటరిదని నాకెన్నడూ అనిపించలే. ఎప్పుడు పోయినా ఆ ఇంట్ల ఎవరో ఒకరు కూసొని తింటనే ఉండెటోళ్లు.

ఆ ఊర్ల ఒక కట్టు ఉన్నది. తొలకరి పడ్డా సరే, భూమి పండుగ చేసి, ఊరంత కలిసి మొక్కి, పెద్దమనిషి చేతుల మీదుగ విత్తనాలు పంచుకున్నంకనే ఎవరైనా చేన్ల గింజ వెయ్యాలె. కొన్నేండ్ల కింద ఒక ఏడు వాన ముందే పడ్డది. పెద్దమనిషి ఇంట్ల ఎవరో పోయి మైల వచ్చింది, పండుగ వెనక్కి జరిగింది. పెద్దమ్మది గుట్టవాలు చెలక, నీళ్లు నిలవయి. పదును పోతదని భయపడి ఒక మూలకు ఇన్ని జొన్నలు చల్లింది. పండుగనాటికి మొలక సుత కానరాదు, ఎవరు చూస్తరు అనుకున్నది. మొలక వచ్చింది, అందరు చూసిండ్రు. ఆ తర్వాత వాన మొఖం చాటేసింది. ఊరి చేలన్ని ఎండినయి. ఇగ చెప్పేదేమున్నది, ఆమె తొందరపడ్డందుకే వాన పోయిందన్నరు.

పంచాయితి పెట్టిండ్రు. ఆమెతోని మాట, నిప్పు, నీళ్లు బంద్ అన్నరు. ఎప్పటిదాక అంటే, ఆమె తప్పు ఒప్పుకొని ఊరికి అన్నం పెట్టాలె, ఊరు ఆమె చేతి అన్నం తినాలె. తిన్న ఘడియ నుంచి అంతా మామూలే. పెద్దమ్మ ఎదురు చెప్పలే. పోలీస్ స్టేషన్‌కు పోదాం పా అని నేనే గుంజిన. "పోలీసోళ్లు తినమంటే తింటరు బిడ్డా. నాతోని నవ్వుకుంట తింటరా?" అన్నది.

మరుసటేడు పంటలు మంచిగ వచ్చినంక అన్నం పెట్టే రోజు ఖాయం చేసిండ్రు. నేను ముందురోజే పోయిన. కోళ్లు కోసినం, మోదుగాకు విస్తర్లు కుట్టినం, వాకిట్ల వరసగ పరిచినం. పెద్దమ్మ కొత్త చీర కట్టుకొని దడి కాడ నిలబడ్డది. ఎదురింటోళ్లు బయటికొచ్చి పక్కింటి దిక్కు చూసిండ్రు. పక్కింటోళ్లు ఎదురింటి దిక్కు చూసిండ్రు. "నేను ముందు పోతే నా ఒక్కని మాట అయితది, ఊరు కదలనీ" అన్నడట పెద్దమనిషి. "పెద్దమనిషి కదలనీ" అన్నదట ఊరు. పొద్దు వాలింది. కూర చల్లారి పైన కొవ్వు గడ్డకట్టింది.

నాకు పిచ్చి లేసింది. ఇంటింటికి పోయి అడిగిన. ఎదురింటామె నా చేతులు పట్టుకొని ఏడ్చింది. "నాకేం కోపం లేదు బిడ్డా. నా పురుడు పోసింది మీ పెద్దమ్మనే. ఊరోళ్లు ఏమంటరో అని..." అన్నది. పక్కింటాయన గొంతు తగ్గించి, "మా దిక్కుకెల్లి ఏం లేదు. ఆ ఎదురింటోళ్లకే ఇంక మనసుల ఉన్నది" అన్నడు. పెద్దమనిషి సుత, "అవ్ బిడ్డా, నేనెన్నడో మర్చిపోయిన. ఊరు ఒప్పాలె గద" అన్నడు. మరి ఊరంటే ఎవరు? ఎవరింటికి పోయి అడిగినా ఊరు పక్కింట్లనే ఉన్నదన్నరు. విడివిడిగ చూస్తే అందరు మంచోళ్లే. కలిసి నిలబడితే ఆ మంచితనం ఏడికి పోతదో నాకు తెల్వదు. సదువుకున్నోళ్లు దీనికేమన్న పేరు పెట్టిండ్రేమో. పేరు తెలిసి ఒరిగేదేంది.

ఆఖరికి ఒక విస్తరి ముందల నేనే కూసున్న. "నువ్వు తింటే లెక్కల రాదు బిడ్డా" అనుకుంటనే వడ్డించింది. నేను ఊరోళ్లను తిడుతుంటే ఆపింది. "తిట్టకు. వెనకట ఒకామెను గిట్లనే బయట పెట్టినప్పుడు నేను సుత వాకిట్ల నిలబడి పక్కింటి దిక్కే చూసిన. ఆమె మీద నాకేం కోపం లేకుండె. కాళ్లు కదలయి, అంతే. అది నీకు తెల్వదు" అన్నది.

ఆ చలికాలం ఆమెను మా ఇంటికి తీసుకొచ్చిన. మా ఆయనది బొగ్గుబాయిల నౌకరి, మేం ఉండేది క్వార్టర్లల్ల. ఇక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెల్వదు. అయినా నల్లా కాడికి బిందె పట్టుకొని పోతే, ఆడోళ్లందరు నీళ్లు పట్టుకొని పోయేదాక దూరం ఆగేది. మా పక్కింటామె "రా అమ్మా, ముందు నువ్వు పట్టుకో" అంటే ఇంకింత వెనక్కి జరిగేది. పెండ్లికి తీస్కపోతే ఆఖరి బంతి దాక తినడానికి లేవలే. ఏంది పెద్దమ్మా గిది అని కసిరిన. "అలవాటైపాయె" అన్నది. ఊరు అంత దూరం అడవిల ఉన్నది, అయినా మా నల్లా కాడ సుత ఆమెను ఆపుతనే ఉన్నది. ఇక్కడనే ఉండిపో అంటే ఉండలే. "ఎవరన్న తిననీకి వస్తే ఇల్లు తాళం ఉంటే ఎట్ల?" అన్నది.

ఎవరూ రాలే. ఏండ్లు గడిచినయి. పొద్దుగాల లేచేసరికి దడి మీద ఒకనాడు సొరకాయ ఉండేదట, ఒకనాడు ఇన్ని చింతకాయలు. ఎవరు పెట్టిపోయిండ్రో ఆమెకు తెలుసు. నేనడిగితే చెప్పకపోయేది. "పేరు బయటికొస్తే వాళ్లను సుత బయట పెడతరు" అనేది. రోజూ ఒక మనిషికి ఎక్కువనే వండేది. మిగిలింది పొద్దుగాల కుక్కకు వేసేది. నేనెంత మొత్తుకున్నా ఆ ఎక్కువ వండుడు మాత్రం మానలే.

శుక్రవారం మేం పోయేసరికి లోపల పెద్దమ్మ, గడపల ఆశా వర్కరు, ఇంకెవరూ లేరు. ఆ ఊర్ల ఎవరన్న పోతే ఇంటికొక కట్టె తెచ్చి వేస్తరు. ఆ కట్టెలతోనే కాల్చాలె. కొన్న కట్టెలతోని కాలిస్తే దిక్కులేని చావు అంటరు. మధ్యాహ్నం దాక చూసినం. ఇగ లాభం లేదని మా ఆయన టేకులపల్లికి పోయి ట్రాలీ ఆటోల కట్టెలు కొనుక్కొచ్చిండు. మోసేటోళ్లు తక్కువై పాడెకు నేను సుత భుజం పట్టిన.

పోయేటప్పుడు తల దించుకొని పోయిన, ఏం చూడలే. కాల్చి వెనక్కి వస్తుంటే చూసిన. ప్రతి ఇంటి ముందల గోడకు ఆనించి ఒక కట్టె ఉన్నది. ఆ పొద్దున నరికిందే, నరికిన కాడ తెల్లగ కనపడుతున్నది. ఎదురింటి గోడకు ఉన్నది, పక్కింటి గోడకు ఉన్నది. పెద్దమనిషి ఇంటి ముందల అన్నిటికంటె లావు దుంగ ఉన్నది. వాటి పక్కన మనుషులు నిలబడి ఒకరి దిక్కు ఒకరు చూస్తున్నరు. ఒకరి కట్టె ఒకరికి కనపడుతనే ఉన్నది.

చావుకు కొట్టిన కట్టెను పొయ్యిల పెట్టరు, ఇంట్లకు తీస్కపోరు. నిన్న ఆశా వర్కరు ఫోన్ చేస్తే ఆ కట్టెలను ఏం చేసిండ్రని అడిగిన. ఇంకా గోడలకే ఉన్నయట. తీసి అడవిల పారేద్దామని అందరికీ ఉన్నదట గని, ముందుగాల ఎవరూ తీస్తలేరట.