అత్త వత్తులు పెట్టిన స్టీరింగ్ సిలిండర్

పెగడపల్లి దగ్గర మా మేనమామకు మామిడితోట ఉండేది. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. ఊళ్ళలో నక్సలైట్ అన్నలు, రోడ్ల మీద పోలీసులు, మధ్యలో మేము. అలాంటి రోజుల్లో తోట ట్రాక్టర్ స్టీరింగ్ సిలిండర్ కారడం మొదలైంది. మూరెడు పొడుగు ఉక్కు గొట్టం అది. లోపల ఆయిల్ ఒత్తిడికి కడ్డీ అటూ ఇటూ జరిగితేనే ముందు చక్రాలు తిరుగుతాయి. ఆయిల్ పోతే ఇద్దరు మగాళ్ళు పట్టినా స్టీరింగ్ కదలదు. కాయేమో కోతకొచ్చింది. కోరుట్లలో నేను పనిచేసే ట్రాక్టర్ రిపేరు షెడ్డుకు తీసుకెళ్ళి, ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు కొత్తవి వేయాలి.

బస్సులో ఆయిల్ కారితే కండక్టర్ దింపేస్తాడని అత్త భయం. దూదితో లావుపాటి దీపం వత్తులు చేసి, సిలిండర్‌కున్న రెండు రంధ్రాల్లో కుక్కింది. మళ్ళీ లాగడానికి వీలుగా తోకలు బయటికి వదిలింది. అమ్మ నా అత్తో! దాన్ని గోనెసంచిలో చుట్టుకుని నేనూ మామా బస్సెక్కాం. చూసినవాళ్ళు ఏమనుకుంటారో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

జగిత్యాల రాకముందే పోలీసులు బస్సు ఆపారు. ఒకతను సీటు కింది సంచి లాగి విప్పాడు. ఇనుప గొట్టం, నూనెలో తడిసిన వత్తులు. "బాంబు!" అని ఒక్క కేక పెట్టాడు. బస్సంతా కిందికి దూకింది.

"ఎవడిదిరా ఇది?"

"నేనే తెచ్చిన సార్. ట్రాక్టర్ స్టీరింగుది. గాయినదే ట్రాక్టర్, మా మామ" అని చెయ్యి చూపించాను.

మామ నా మొహంలోకి చూశాడు. "గీ పిలగాడెవడో నాకెరుక లేదు సార్" అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. పొద్దున నాతో ఒకే కంచంలో తిన్న మనిషి, నా టికెట్టు తీసిన మనిషి! మెడ మీద పోలీసు ఆనించిన తుపాకీ సంగతే మరిచిపోయాను. "మామా!" అన్నాను. ఆయన తల తిప్పుకున్నాడు. ఛీ, ఏం మనిషి!

నన్ను చేనులోకి నడిపించి, వాళ్ళు దూరంగా నిలబడి విప్పమన్నారు. సంచిలోని పానాతో మూత తిప్పి కడ్డీ లాగాను. నల్లటి ఆయిల్ మోకాళ్ళ మీద పడింది. చిరిగిన రబ్బరు సీలు ఎత్తి చూపించాను. ఎస్సై దగ్గరికొచ్చి, వత్తులెవరు పెట్టారని అడిగాడు. "మా అత్త సార్" అంటే అందరూ పగలబడి నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీదికొచ్చి చూస్తే బస్సు లేదు. మామ అందులోనే వెళ్ళిపోయాడు.

ఇంకో బస్సు పట్టుకుని కోరుట్ల చేరాను. గొట్టం కడిగాను, కొత్త సీళ్ళు ఆయిల్‌లో తడిపి ఎక్కించాను. పని చేస్తున్నంతసేపూ చెవిలో మామ అన్న ఆ ఒక్క మాటే.

మర్నాడు తోటకెళ్ళి బిగించాను. మామ నా వైపు చూడకుండానే సీటెక్కి ఇంజన్ స్టార్ట్ చేశాడు. అత్త చాయ్ తెచ్చింది.

"మీ మామ నిన్ను షెడ్డు దాంక ఇడిచిపెట్టి అచ్చిన అన్నడు. నా వత్తులు పనికచ్చినయా కొడుకా? బస్సుల ఎవలన్న ఏమన్న అన్నరా?"

"మామనే అడుగు అత్తా. నా పక్క సీట్లనే గూసున్నడు గదా."

అత్త ఆయన వైపు తిరిగింది. నిలబడ్డ ట్రాక్టర్ మీద స్టీరింగ్‌ను ఆ కొస దాకా, ఈ కొస దాకా మామ తిప్పుతూనే ఉన్నాడు. సిలిండర్ నుంచి ఒక్క చుక్క కూడా కారలేదు.