గ్రీజు కింద ఎర్రచుక్క

రాయపూర్‌లో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, టకటకమంటున్న నా బైకు ఇంజన్ని వీడియోలు చూసి నేనే విప్పాను. లోపల తిరిగే క్యామ్‌షాఫ్ట్ కడ్డీ అరిగిపోయింది. కొత్తది ఏ వైపు పెట్టాలో తెలియడానికి, పాతదాని చివర మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్క పెట్టాను.

ఉర్లా ఫ్యాక్టరీలో నాతో పనిచేసే శ్రీను మా శ్రీకాకుళంవాడే. కొత్తది కొనుక్కురమ్మని డబ్బిస్తే, నమూనాకని పాతది పట్టుకెళ్ళి కొత్త డబ్బాతో వచ్చాడు.

"బిల్కుల్ నయా అన్నా, సరికొత్తది! గ్రీజు తుడవకు, అలాగే ఎక్కించేయ్."

ఆదివారమంతా కుస్తీ పట్టి బిగించాను. స్టార్ట్ చేస్తే అదే టకటక! తప్పు నాదేననుకుని మళ్ళీ విప్పి, గ్రీజు తుడిచాను. ఎర్రచుక్క కనిపించింది. నా పాత షాఫ్టే!

నిలదీస్తే, "మనూరోళ్ళమే కదన్నా, దీనికింత గొడవా?" అన్నాడు.

ఆ మాటే ఇప్పటికీ మండిస్తుంది. మా ఊరివాడనే కదా, నేను గ్రీజు తుడవనిది!