చెమ్మ మాస్టారి అరచెయ్యి

చెమ్మ మాస్టారు ఎవరింటికి వెళ్ళినా ముందు గోడను పలకరిస్తారు, ఆ తరవాతే మనుషుల్ని. అరచెయ్యి గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని, డాక్టరు నాడి చూసినట్టు కాసేపు నిలబడి, "చెమ్మ!" అంటారు. ఓసారి జబ్బుపడ్డ పెద్దాయన్ని పరామర్శించడానికి వెళ్ళి, మంచం వెనక గోడ తడిమి, "ఇంక ఎంతోకాలం నిలవదు" అన్నారు. ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు. ఆయన అన్నది గోడ సంగతని నచ్చజెప్పేసరికి, వెంట వెళ్ళిన ప్లంబరుకు తలప్రాణం తోకకొచ్చింది.

ఈ ప్లంబరు పాతికేళ్ళుగా ఆయన కుడిభుజం. మాస్టారు చెయ్యి పెట్టిన చోట ఇతను ఉలి పెడతాడు. ఏ ఇంటి పైపు ఏ ఇంటి గోడను నానబెడుతోందో తేలిపోతుంది. ఆ తరవాత పక్కింటివాళ్ళకు ఇవ్వాల్సిన నోటీసు కూడా మాస్టారే రాసిపెడతారు.

"లోపల ఎప్పటినుంచి కారుతోందని కాదయ్యా, ఎప్పుడు బయటపడిందన్నదే లెక్క. ముందు తారీఖు వెయ్యి!" అన్నది ఆయన ఊతపదం.

ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారీ తప్పు చెప్పలేదు. తాను తప్పని ఆయన ఒప్పుకున్నదీ లేదు. రైలు దాటిపోయినా "ముందొచ్చేసింది, వెధవ రైలు" అనేవారు.

ఆయన ఇంటిని ఆనుకున్న ఇంట్లో దర్జీ ఆవిడ అద్దెకుంటోంది. ఓరోజు ఆవిడ బీరువా జరిపితే, వెనక గోడ నిలువెత్తున నల్లబడి ఉంది. ఇంటి ఓనరు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"కిందటేడు నువ్వు బిగించుకున్న కుళాయి నిర్వాకమే ఇది! నెలాఖరుకి ఖాళీ చెయ్!"

"నా కుళాయి చుక్క కారదండీ! బట్టలిచ్చేవాళ్ళంతా ఈ వీధివాళ్ళే. ఇప్పుడు నన్నెక్కడికి పొమ్మంటారు?"

"మాస్టారిని పిలుద్దాం. ఆయన చెయ్యి ఏం చెబితే అదే."

మాస్టారు ప్లంబరుతో సహా వచ్చారు. గోడ మీద చెయ్యి పెట్టారు. కుళాయి వంక చూశారు, ఆవిడ వంక చూశారు, మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

"చెమ్మ! నీళ్ళు ఈ ఇంటివి కావు, పక్కింటివి."

"పక్కిల్లంటే మీదే కదండీ?" అన్నాడు ఓనరు.

"మాదే. అయితే ఏం?"

"మరి నోటీసు మీకే ఇవ్వాలి. ఎవరిచేత రాయించను?"

"నేను బతికుండగా ఇంకొకరెందుకయ్యా!"

నాలుగోరోజున పోస్టులో వచ్చిన ఆ నోటీసు చదివి మాస్టారి భార్య మండిపడింది. "మిమ్మల్ని బాధ్యత తెలియని మనిషని రాశాడే, ఎవడండీ వీడు?"

"నేనే. రెండో పేరా చదివావా? భలే కుదిరింది."

మర్నాడు ప్లంబరు మాస్టారి వైపు గోడ పగలగొట్టాడు. పైపు ఎండుపుల్లలా పొడిగా ఉంది. పాతికేళ్ళ పేరు గంగలో కలిసిందే అనుకున్నాడు.

"మాస్టారూ, మీ చెయ్యి తప్పిందండీ! ఇటు చుక్క నీరు లేదు. కారేది ఆవిడ కుళాయే, గోడ లోపల."

"గట్టిగా అరవకు. నా చెయ్యి ఆ రోజే చెప్పింది."

"మరి మీరు...?"

"చెయ్యి తప్పు చెప్పదోయ్. నోరు చెబుతుంది. ఇది పూడ్చేసి, అటు వెళ్ళి గోడంతా బాగుచేస్తున్నట్టు ఆ కుళాయి గొట్టం కూడా మార్చేసి రా. ఇంట్లో తెలిసిందో, నీ పని చెబుతా."

ప్లంబరు తాపీ అందుకున్నాడు. ఈయన మీద అంత ప్రేమ పొంగుకొస్తుందని అతను కలలోకూడా అనుకోలేదు.

పని పూర్తయ్యాక దర్జీ ఆవిడ వీధిగుమ్మంలోనే మాస్టారిని నిలబెట్టి దులిపేసింది. "ఊళ్ళో గోడలన్నీ తడుముతారు, సొంత గోడ చూసుకోరా? మీ నీళ్ళ పుణ్యమా అని నేను రోడ్డున పడేదాన్ని!"

వీధంతా వింటోంది. ప్లంబరు ఉండబట్టలేక ఒక అడుగు ముందుకేశాడు. మాస్టారు అతని కాలు తొక్కి, తల దించుకున్నారు.

"తప్పు నాదేనమ్మా."

ఆవిడ విసవిసా లోపలికి పోయి మిషను తొక్కడం మొదలుపెట్టింది. మాస్టారు అలవాటు చొప్పున ఆవిడ గోడ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నారు.

"ఏమంటోందండీ?" అన్నాడు ప్లంబరు, కాలు రుద్దుకుంటూ.

"ఆరుతోందోయ్."