మొదటి చేప చెరువుకే

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. హాస్టల్లో ఎవరైనా మొదలుపెడితే లైటు వేసి మరీ గొడవపడేదాన్ని. ఇప్పుడు నేనే చెబుతున్నాను, నవ్వేవాళ్ళు నవ్వండి.

మాది కరీంనగర్ దగ్గర ఊరు. మా నాన్న చెరువులో వల వేసి మమ్మల్ని చదివించాడు. జర్మనీలోని కాట్‌బస్‌లో ఉద్యోగం వచ్చాక, పట్టుబట్టి జర్మన్‌లో పరీక్ష రాసి చేపలు పట్టే లైసెన్స్ తెచ్చుకున్నాను. నా భర్త నరేశ్‌కు ఈత రాదు. నీళ్ళు బకెట్లో ఉంటేనే నమ్ముతాడు. నా పోరు పడలేక ఆ ఆదివారం వెంట వచ్చాడు.

అది పాత బొగ్గు గని గోతిలో నీళ్ళు నింపి చేసిన చెరువు. ట్రౌట్ చేపలు వదిలారని విని, పర్మిట్ తీసుకుని మొదటిసారి వెళ్ళాం. ఎండ బాగానే ఉంది. కారు దిగగానే గాలాలు సర్దుకుంటున్న ఒక ముసలాయన కనిపిస్తే 'మోర్గెన్' అని పలకరించాను. ఆయన తల తిప్పుకుని వెళ్ళి ఎదుటి ఒడ్డున కూర్చున్నాడు. నాకు అప్పుడే మండింది.

కొత్త నీళ్ళ దగ్గర ఎలా మసలాలో నాన్న నేర్పాడు. రాగానే గాలం వెయ్యకూడదు, కాసేపు చూడాలి. గాలి ఏ ఒడ్డుకు కొడితే పురుగూ పుట్రా అక్కడికి చేరతాయి, చేపా అక్కడికే వస్తుంది. అడుగుల చప్పుడుకు చేప బెదురుతుంది కనుక చెప్పులు దూరంగా విడవాలి. మొదటి చేపను కళ్ళకద్దుకుని నీళ్ళకే ఇచ్చెయ్యాలి.

మేమూ గట్టు మీద బూట్లు విప్పాం.

"మీ నాయిన చెర్వు గాదే ఇది," అన్నాడు నరేశ్ సాక్సులు లాగుతూ. "జారితే నన్నెవడు తీస్తడు?"

కాసేపటికే ఒక మంచి ట్రౌట్ పడింది. గాలం తీస్తుంటే దాని పై పెదవి చీలింది. కళ్ళకద్దుకుని వదిలేశాను. ఎదుటి ఒడ్డు నుంచి ముసలాయన అరిచాడు. పట్టిన చేపను వదలకూడదట. ఆ రూలు నాకూ తెలుసు, పరీక్షలో రాశాను. అయినా మొదటిది చెరువుదే.

ఆ తర్వాత ఒక్క చేపా ముట్టలేదు. వెనక్కి చూస్తే గట్టు మీద బూట్లు లేవు. ఇంకా పైన, కాలిబాట పక్కన, జతలు జతలుగా ఉన్నాయి. వాటి ముక్కులు రోడ్డు వైపు తిరిగి ఉన్నాయి.

"ఎవడో మనల్ని పొమ్మంటుండు," అన్నాడు నరేశ్.

ఈ దేశంలో నోటితో అనకుండా పొమ్మనేవాళ్ళను నేను చాలామందినే చూశాను. ఇదీ అలాంటిదే అనుకున్నాను. పౌరుషం వచ్చింది. బూట్లు తెచ్చి మా పక్కనే పెట్టుకుని, చీకటి పడేదాకా కదిలేది లేదన్నాను.

మళ్ళీ చూసేసరికి పక్కన బూట్లు లేవు. ఈసారి మా కారు దగ్గర ఉన్నాయి. నరేశ్ వెంట తెచ్చుకున్న మడత కుర్చీలోంచి లేచి ఒట్టి కాళ్ళతో నడిచాడు, వెనకే నేను తిట్టుకుంటూ.

నరేశ్ కుడి బూటులో తల కిందికి కుక్కిన ట్రౌట్ ఉంది. చచ్చిపోయింది. బయటికి లాగితే పై పెదవి చీలి ఉంది, అదే చోట. మిగతా బూట్లలో నల్లటి బురద. చుట్టూ గడ్డి మాత్రం పొడిగా ఉంది.

అప్పుడే వెనకనుంచి, లారీ ఇసుక దించుతున్నట్టు చప్పుడు వచ్చింది. మేము కూర్చున్న ఒడ్డు లేదు. నరేశ్ కుర్చీ లేదు. ఆ చోట మట్టి నీళ్ళు తిరుగుతున్నాయి.

ముసలాయన చుట్టూ తిరిగి పరుగున వచ్చాడు. మా బూట్లు ముట్టుకున్నదెవరని మీద పడ్డాను. మేమెప్పుడు వెళ్ళిపోతామా అని పొద్దుటినుంచీ మమ్మల్నే చూస్తున్నానని, మా వెనక ఎవరూ రాలేదని చెప్పాడు. అబద్ధం చెప్పే ముఖం కాదు.

ఫోన్లో నాన్న, "గంగమ్మ తల్లి గాపాడింది బిడ్డా," అని ఏడ్చాడు. నేను ఊఁ అన్నాను. కానీ కాపాడేవాళ్ళెవరైనా, మొక్కి ఇచ్చిన చేపను చంపి బూటులో కుక్కుతారా? 

నరేశ్ నా పక్కనే ఉన్నాడు, నాకు అది చాలు. ఆ రోజు జరిగింది మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు. ఒక్కటే అనిపిస్తుంది. ఆ నీళ్ళలో ఉన్నదేదో మా మీద జాలిపడలేదు. మేము చచ్చి కూడా అక్కడ ఉండకూడదనుకుంది.