వరలక్ష్మి బుధవారాలు

నాకు నా నోరంటే అసహ్యం. ఇవాళ్టిది కాదు, చాలా ఏళ్ల నాటిది. పొద్దున్నే అద్దం ముందు పళ్లు తోముకుంటుంటే ఒక్కోసారి గుర్తొస్తుంది, ఈ నోరే కదా అని. గబుక్కున ఉమ్మేసి లోపలికి వచ్చేస్తాను. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నాళ్లు ఎందుకు మోస్తాను?

చదివి నా మీద జాలిపడకండి. ఇందులో జాలిపడాల్సిన మనిషి వేరే ఉంది.

నేను నూజివీడులో డిగ్రీ చదివాను. జాగ్రఫీ నా సబ్జెక్టుల్లో ఒకటి. మాది విస్సన్నపేట వైపు ఒక పల్లె, నాన్నకు మామిడితోట ఉంది. డిగ్రీ చివరి ఏడాది మా మేడమ్ మమ్మల్ని ఫీల్డ్ వర్క్ కోసం పట్టణం నడిబొడ్డున బజారుకు పంపించారు. ఏ కొట్టు ఎక్కడుందో మ్యాప్ గీయాలి. బజారుకు వచ్చినవాళ్లను ఆపి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్నాళ్లకోసారి వస్తారు, ఏ పని మీద వచ్చారు, మళ్లీ ఎప్పుడు వెళ్తారు. ఒక బజారు ఎంత దూరం నుంచి మనుషుల్ని రప్పించుకుంటుందో తెలుసుకోవడం అన్నమాట. పేరు మాత్రం అడగొద్దన్నారు మేడమ్. పేరు అడక్కపోతేనే జనం నిజం చెబుతారనీ, వాళ్లు చెప్పింది బయట ఎక్కడా అనకూడదనీ మరీ మరీ చెప్పి పంపించారు.

వారానికి మూడు రోజులు మధ్యాహ్నం పూట వెళ్లేవాళ్లం. మొదట్లో సరదాగా ఉండేది. తర్వాత విసుగు. ఎవర్ని అడిగినా అవే జవాబులు. బట్టలకండి. మందుల షాపుకండి. ఫోన్ రిపేరుకండి. చింతలపూడి నుంచి వచ్చినాయన ఒకడు "నా పని నీకెందుకమ్మా?" అని కసిరి వెళ్లిపోయాడు. కాస్త కొత్త జవాబు ఒక్కటన్నా దొరికితే బాగుండునని నాకు మహా ఆరాటంగా ఉండేది.

ఒక బుధవారం నా స్నేహితురాలు సునీత, నెత్తిన కొంగు కప్పుకుని వడివడిగా వెళ్తున్న ఒకామెను ఆపింది. ఏ పని మీద వచ్చారని అడిగింది. "ఆసుపత్రికండీ. నడుంనొప్పి" అంది ఆమె. గొంతు తెలిసినట్టు అనిపించి తిరిగి చూశాను. మా వరలక్ష్మి.

మా వరలక్ష్మి అంటే ఎవరో చెప్పాలి కదా. ఆమె, ఆమె మొగుడు నాగరాజు మా తోట కాపలాకు ఉండేవాళ్లు. తోటలోనే పాక. పూత నిలిచి పిందె పడిందంటే చాలు, కోతులు గుంపులు గుంపులుగా దిగుతాయి. పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఎవరో ఒకరు డబ్బా వాయిస్తూ, అరుస్తూ తోటంతా తిరగాల్సిందే. నాగరాజు మందులు కొట్టడానికి వేరే తోటలకు పోయేవాడు. కోతుల పని వరలక్ష్మిది. నాకన్నా కనీసం పదేళ్లు పెద్దది. నేను ఆమెను నువ్వు అనేదాన్ని, ఆమె నన్ను మీరు అనేది. అందులో తప్పేమిటో నాకు ఏనాడూ తోచలేదు.

"ఆసుపత్రి అటు కదా వరలక్ష్మీ, ఇటొస్తున్నావేంటి?" అన్నాను నవ్వుతూ.

ఆమె మొహంలో రంగు మారిపోయింది. "అమ్మాయిగారా! మీరేంటండీ ఇక్కడ? ఊరికేనండీ, పూలు కొందామని."

"నీ కవర్లో ఉన్నవి జాకెట్టు ముక్కలు. పూలు కాదుగా?"

అక్కడితో వదిలేయొచ్చు. సునీత వదిలేద్దామనే అంది. నేను వదల్లేదు. ఆ కవర్లో ఏదో ఉంది, నాకు కావలసిన కొత్త జవాబు అందులో ఉంది, అది నాకు దక్కాలి. చదువు కోసం అనుకున్నాను అప్పుడు. చదువూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఒకళ్ల గుట్టు లాగడంలో ఉండే చీప్ సరదా, అంతే. సునీతను అక్కడే ఉంచి, ఆమెను మూసున్న కొట్టు మెట్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఇది కాలేజీ పనే, పేర్లు ఎక్కడా ఉండవు, నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, ఒట్టు అని నా నెత్తి మీద నేనే చెయ్యి పెట్టుకున్నాను.

ఆమె నమ్మింది.

"ఆ మేడ మీద జయమ్మగారని మిషను కుడతారండీ. బుధవారం బుధవారం నాకు నేర్పుతున్నారు. ఫీజు కూడా వద్దన్నారు, మంచి మనిషండీ. మా ఆయనకి ఆసుపత్రని చెప్పి వస్తున్నా. తెలిస్తే కాళ్లు ఇరగ్గొడతాడు." అని, కాసేపటికి ఆమెకే నవ్వొచ్చింది. "చేతులు కుట్టటం వచ్చేసిందండీ. మెడ కటింగే ఇంకా రావట్లా. అది కూడా వచ్చేస్తే ఊళ్లో మిషనేసుకుని కూచుంటా. మా పాపని మాత్రం ఈ కోతుల్ని తోలే పనిలోకి రానివ్వనండీ." వెళ్లబోతూ ఆగింది. "నాన్నగారికి చెప్పమాకండమ్మా. మీ కాళ్లకి దణ్ణం పెడతా."

"చెప్పనులే. పిచ్చా ఏంటి నీకు?" అన్నాను.

పట్టణానికి జనం కొనడానికే కాదు, పని నేర్చుకోవడానికి కూడా వస్తారని మర్నాడు క్లాసులో చెప్పాను. మేడమ్ మెచ్చుకున్నారు. పొంగిపోయాను.

ఆ వారం చివర్లో నాన్న తోట నుంచి చిర్రుబుర్రులాడుతూ వచ్చారు. బుధవారం కోతులు పడి రసాల చెట్ల కింద పిందెంతా రాల్చేశాయట. పాక దగ్గర మనిషి లేదట. అదే మంటలో ఉండగా, దారిలో ఎవడో పుణ్యాత్ముడు ఆయన చెవిలో ఇంకో మాట ఊదాడు. మీ అమ్మాయి నడిబజార్లో నిలబడి మగాళ్లను ఆపి మాట్లాడుతోందని. నేను కాఫీ తాగుతున్నాను. నాన్న నా ఎదురుగా నిలబడ్డారు.

"జాగ్రఫీ అంటే కూచుని మ్యాపులు గీసుకునేదనుకున్నా. ఇదేం చదువే? రేపట్నుంచి బజారూ లేదు, గిజారూ లేదు. ఆ అరకు టూరు కూడా లేదు. పరీక్షలు రాసి ఇంట్లో పడుండు."

అరకు టూరు కోసం నేను ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తున్నానో చెప్పలేను. ఇంటి నుంచి ఒక్క రాత్రయినా బయట ఉండని పిల్లను. ఆయన కోపాన్ని నా మీద నుంచి ఎటైనా తిప్పాలి. ఎటు? ఆలోచించలేదు అని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. అది కూడా అబద్ధమే. ఆలోచించాను. ఒక్క క్షణమే, కానీ బాగా ఆలోచించాను. ఆమె కవరు గుర్తొచ్చింది, ఒట్టు గుర్తొచ్చింది, అయినా నోరు తెరిచాను.

"నన్నంటావేంటి నాన్నా? వెళ్లి వరలక్ష్మిని అడుగు. ఆసుపత్రని చెప్పి బుధవారం బుధవారం టైలరింగ్ నేర్చుకోటానికి పోతోంది. మనిషి పాక దగ్గరుంటే కోతులెందుకొస్తాయి?"

నాన్న బండి తాళాలు తీసుకుని తోటకు వెళ్లిపోయారు. నేను మిగిలిన కాఫీ తాగాను. తాగగలిగాను! పైగా అమ్మ వచ్చి ఇంకొంచెం పొయ్యనా అంటే పొయ్యమన్నాను.

అరకు వెళ్లాను. ఫోటోలు దిగాను. బొంగు చికెన్ తిన్నాను. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే.

నాగరాజు ఆమె మీద చెయ్యి చేసుకున్నాడో లేదో నాకు తెలియదు. అడగలేదు. అడిగితే తెలుస్తుందని అడగలేదు. బుధవారాలు మాత్రం ఆగిపోయాయి.

ఇంతవరకే అయితే, చిన్నతనం, భయం, నోరు జారింది అని ఏదో ఒకటి చెప్పి నన్ను నేను సముదాయించుకునేదాన్నేమో. అసలు సిగ్గుమాలిన పని దీని తర్వాత చేశాను.

కాయ కోతలప్పుడు తోటకు వెళ్లాను. చెట్టు నీడన వరలక్ష్మి కాయలు ఏరి పక్కన పెడుతోంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లల్లోకి చూడలేక నేను కాయలు చూస్తున్నాను. అడుగుతుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాను.

"ఆ జయమ్మేనండీ చెప్పింది" అంది. "నా సంగతి తెలిసింది ఆవిడకీ, మీకే కదండీ. మీరు ఒట్టేశారు. ఇంకెవరు చెప్తారు? ఒక పూట ఎట్టాగో బజారుకి పోయి, నలుగుర్లో నిలబెట్టి కడిగేసొచ్చా. నాకేం తెలీదని ఒకటే ఏడుపండీ ఆవిడ. నంగనాచి. అంతేనంటారా అమ్మాయిగారూ?"

నేను ఏమన్నానో తెలుసా?

"అయ్యుండొచ్చు" అన్నాను.

ఒక్క పైసా తీసుకోకుండా పని నేర్పిన మనిషి. నడిబజార్లో, తన కొట్టు కింద, చేయని తప్పుకు తిట్లు తిన్న మనిషి. ఆవిడను నేను ఒక్కసారి కూడా దగ్గరగా చూడలేదు. మా మ్యాప్‌లో ఆ మేడను చక్కగా గీసి, రంగు కూడా వేశాను. ఆ ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఎంత స్నేహం ఉండేదో, ఏయే కబుర్లు చెప్పుకుంటూ కుట్టుకునేవాళ్లో నాకు తెలియదు. దాన్ని ఒక్క మాటతో మట్టిలో కలిపాను. నాన్న ముందు భయపడి చెప్పానంటే సరే. ఆ చెట్టు కింద నాకు ఎవరంటే భయం? వరలక్ష్మి నన్నేం చేయగలదు? ఏమీ చేయలేదు. ఆమె దృష్టిలో మంచిదానిగా మిగలాలని, అంతే. దీనికి ఏం పేరు పెట్టాలో మీరే చెప్పండి. నాకు దొరికిన పేర్లన్నీ బూతులే.

ఇప్పుడు మైలవరంలో ఉంటున్నాను. ఒక బడిలో సోషల్ చెబుతాను. పోయిన వేసవిలో పుట్టింటికి వెళ్లినప్పుడు ఈసారి చెప్పేయాలనే తోటకు వెళ్లాను. బస్సులో దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. వరలక్ష్మి ఇంకా ఆ పాకలోనే ఉంది. డబ్బా కొట్టి కొట్టి కుడిచెయ్యి పైకి లేవడం లేదట. నేను నోరు తెరిచేలోపు కూతురిని పిలిచింది. ఇంటర్ చదువుతున్న పిల్ల.

"ఇదిగోనే, నేను చెప్తుంటానే, ఈవిడే. నా సంగతి తెలిసి కూడా పెదవి దాటనివ్వలా. నీకేదైనా కష్టం వస్తే మాకు చెప్పకపోయినా పర్లా, ఈ అమ్మగారికి చెప్పుకో."

ఆ పిల్ల నా ఫోన్ నంబర్ అడిగింది. ఇచ్చాను. పేర్చుకున్న మాటలన్నీ మింగేసి, వాళ్లు పెట్టిన రసాలు రెండు తిని వచ్చాను.

మొన్న ఆ పిల్ల ఫోన్ చేసింది. "ఆంటీ, మీకొకటి చెప్పాలి. మా నాన్నకి గానీ, మీ నాన్నగారికి గానీ తెలియకూడదు" అంది.

"నాకు చెప్పకు తల్లీ" అన్నాను. "ఎవరికైనా చెప్పుకో. నాకు మాత్రం చెప్పకు."

"మీకే చెప్పమంది కదా ఆంటీ అమ్మ" అంది ఆ పిల్ల, మెల్లగా. నేను ఫోన్ పెట్టేశాను. నేను తిరిగి చేయలేదు. ఆ పిల్ల కష్టం ఏమిటో, ఎవరితో చెప్పుకుందో, అసలు చెప్పుకుందో లేదో నాకు తెలియదు. నిజంగా చెప్పకూడని మనిషినని ఆపానా? లేక ఇంకో గుట్టు మోసే ఓపిక లేక తప్పించుకున్నానా? రెండు రోజులుగా ఇదే ప్రశ్న. నాకు అన్నం సహించడం లేదు.

చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎక్కడికి పోతుందండీ? నేను ఇది రాసినంత మాత్రాన వరలక్ష్మికి మెడ కటింగ్ వచ్చేస్తుందా? జయమ్మగారు పడ్డ మాటలు వెనక్కి పోతాయా? మీరు క్షమించినా పనికిరాదు, మీకు నేను ఏ అన్యాయమూ చేయలేదు కాబట్టి. అయినా ఒక్క వాక్యం నా లోపల కుళ్లిపోతూ ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా అది బయటకు రావాలి, ఎక్కడో ఒకచోట, తిన్నగా.

చెప్పింది జయమ్మగారు కాదు. నేను.