పాము మావకి చెప్పిన కబుర్లు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, నాకు వైద్యం వచ్చేసింది. రెండు, మత్తు డాక్టరు ఉద్యోగమంత సుఖమైనది లోకంలో మరొకటి లేదు. సూది పొడిచి, మనిషి నిద్రపోయాక స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకోవడమేగా అనుకునేవాణ్ణి. అందుకే ఆఖరి సంవత్సరంలో మత్తు విభాగంలో పదిహేను రోజుల పోస్టింగు పడినప్పుడు తెల్లకోటు జేబులో పెన్నుకి బదులు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వెళ్ళాను. శ్రీకాకుళం వైపు ఒక ఆస్పత్రి అని మాత్రం చెప్తాను. (పేరు చెబితే అక్కడి సిస్టరుగారు నన్ను గుర్తుపట్టి మళ్ళీ మొదటినుంచీ తిడతారు.) ఇప్పుడు నేనూ మత్తు డాక్టర్నే. ఫోను చూసుకునే తీరిక ఇంతవరకూ దొరకలేదు.

మూడో రోజు పొద్దున్న ఐసీయూలోకి ఒకాయన్ని తెచ్చారు. శ్రీముఖలింగం అవతల వంశధార ఒడ్డున ఊరు, వరి రైతు, యాభై దాటి ఉంటాయి. నేల మీద చాప వేసుకుని పడుకుంటే కట్లపాము కరిచింది. దాని కాటు చీమ కుట్టినట్టే ఉంటుంది కాబట్టి గోక్కుని మళ్ళీ పడుకున్నాడట. లేచేసరికి రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది, దారిలో ఊపిరి తగ్గిపోయింది. విరుగుడు మందు ఎక్కించి, గొంతులోకి గొట్టం వేశారు. ఊపిరి అందించే యంత్రాలు మాకు మూడే, మూడింటి మీదా మనుషులున్నారు. మా మేడం (మనిషి పొట్టి, గొంతు మాత్రం మూడో అంతస్తు దాకా వెళ్తుంది) ఆ గొట్టానికి రబ్బరు సంచి తగిలించి నా చేతిలో పెట్టారు. "నొక్కు, వదులు, మనసులో ఐదు లెక్కపెట్టు, మళ్ళీ నొక్కు. యంత్రం ఖాళీ అయ్యేదాకా ఈయన ఊపిరి నీ చేతిలో ఉంది. ఆపావో, ఈయన పోతాడు" అని, థియేటర్లో కాన్పు కేసు ఉందని వెళ్ళిపోయారు.

మొదటి అరగంట మహా వీరుడిలా నొక్కాను. తరవాత బొటనవేలు పీకడం మొదలైంది. ఆయన కొయ్యలా పడి ఉన్నాడు. రెప్ప ఎత్తి టార్చి వేసి చూశాను, వెలుగుకి కంటిపాప ఇసుమంతైనా ముడుచుకోలేదు. అలా ఉంటే మెదడు పోయినట్టని పుస్తకంలో చదివాను, పైగా ఆ పేజీ కింద గీత కూడా గీసుకున్నాను. పోయిన మనిషికి ఊపిరి ఊదుతున్నానని అనుకునేసరికి భయమేసింది. ఆ భయం పోగొట్టుకోడానికి మాట్లాడటం మొదలుపెట్టాను. హాస్టల్లో నా మాట మూడు నిమిషాలు విన్నవాడు లేడు. ఇక్కడ లేచి వెళ్ళిపోలేని శ్రోత దొరికాడు. మావా అని వరస కలిపి అన్నీ చెప్పేశాను. మా బ్యాచిలో అమ్మాయికి ఎనిమిది నెలల కిందట టైపు చేసి ఇంతవరకూ పంపని మెసేజి గురించి చెప్పాను. ఒకసారి లైబ్రరీ మెట్ల మీద ఆమె నన్ను చూసి నవ్వడం గురించి చాలాసేపు చెప్పాను. ఎస్.కోట గుళ్ళో సన్నాయి వాయించే మా నాన్న, కొడుకు డాక్టరని బస్సు కండక్టరుకి కూడా చెప్పుకోవడం గురించి చెప్పాను. ఆఖర్న, ఎవరికీ చెప్పనిది కూడా చెప్పాను. "నిజానికి నాకు మనుషులు చచ్చిపోతుంటే చూడటం భయం మావా. నువ్వు పోయేలోగా నా డ్యూటీ అయిపోతే బావుణ్ణు."

మధ్యాహ్నం ఆయన భార్యనీ, ఆమె అన్ననీ లోపలికి పంపారు. అన్నగారు ఆయన పాదాలు ముట్టుకుని చూసి, "మా బావ ఉన్నాడేటి, పోనాడేటి, నిజం సెప్పీ బావూ" అన్నాడు. నేను రెప్ప ఎత్తి, టార్చి వేసి చూపించాను. "మెదడు పనిచెయ్యడం లేదండీ. ఆశ పెట్టుకోవద్దు" అన్నాను. అప్పుడు నా గొంతులో బాధ లేదు. తెలిసిన ప్రశ్న పరీక్షలో వచ్చినవాడి సంతోషం ఉంది. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"అయితే పేణముండగానే తీస్కెలిపోతాం. ఊరి బయట పోతే పీనుగుని గుమ్మంలోకి రానీరు మావోళ్ళు" అని అన్నగారు బండి మాట్లాడటానికి వెళ్ళాడు. భార్య ఏడవలేదు. నా చేతికేసి చూసి, "వణికిపోతన్నాది గదా బావూ. ఇలాగియ్యి" అని సంచి తీసుకుంది. ఏళ్ళ తరబడి చాటతో చెరిగిన చేతులవి. ఒక్క నొక్కు ముందూ లేదు, వెనకా లేదు. నేను పక్కన నిలబడి వేళ్ళు విరుచుకుంటున్నాను. అన్నగారు తిరిగొచ్చి, తీసుకెళ్ళిపోతామని కాగితం మీద సంతకం పెట్టబోతుండగా మేడం వచ్చారు.

"మెదడు పోయిందని ఎవరు చెప్పారు?" అన్నారు. నేను గచ్చుకేసి చూశాను. అన్నగారు వేలు పెట్టి నన్ను చూపించాడు. మేడం వంగి పాము కరిచినాయన చెవి దగ్గర, "బాబాయ్, నా మాట వినిపిస్తుంటే కాలి బొటనవేలు కదపండి" అన్నారు. ఏమీ కాలేదు. మళ్ళీ అడిగారు. అందరం ఆ వేలికేసే చూస్తున్నాం. కదిలింది. కదిలిందా అని అనుమానం వచ్చేంత కొంచెం, కానీ కదిలింది. భార్య చెయ్యి మాత్రం ఆగలేదు, కళ్ళనీళ్ళు సంచి మీద పడుతుంటే అలాగే నొక్కుతూ ఉంది.

"ఈ విషం కండరాల్నే కట్టేస్తుంది. రెప్ప ఎత్తలేడు, వెలుగు పడినా కంటిపాప ముడుచుకోదు. తెలివి శుభ్రంగా ఉంటుంది. పొద్దుటినుంచీ ఈ మంచం దగ్గర ఎవరేమన్నా అంతా విన్నాడు" అన్నారు మేడం. అన్నగారు సంతకం పెట్టకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం మూడో మంచం మీద ముసలమ్మ పోయింది. యంత్రం ఖాళీ అయింది. దాన్ని తుడిచి ఇటు దొర్లించుకొస్తుంటే ఆవిడ కొడుకు పక్కనే తల్లి దుప్పటి మడతపెడుతున్నాడు. మేము ఆ కొడుకు ముఖంకేసి చూడలేదు.

ఆయన వచ్చిన ఐదో రోజు పాము మావకి గొట్టం తీశారు. (ఆ పేరు వార్డు పెట్టింది.) అన్ని రోజులూ ఆ మంచం వైపు వెళ్ళకుండా తప్పించుకున్నాను. సిస్టరుగారు రెక్క పట్టుకుని తీసుకెళ్ళారు. ఆయన గొంతు బొంగురుపోయి ఉంది.

"నువ్వేనా బావూ, కబుర్లు సెప్పినోడివి?"

"అవును మావా."

"ఆ గుంటకి సెప్పీసినావేటి?"

ఆ అమ్మాయికి ఇంకా చెప్పలేదన్నాను. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మేడమ్మగారు అయిదు లెక్కెట్టమన్నారు గదా, నానూ లోపల లెక్కెట్టుకుంటన్నాను. నా ఆడది నొక్కితే అయిదంటే అయిదే. నీకాడ ఏడు, ఎనిమిది. ఆ గుంట మెట్ల మీద నవ్వినాదని సెప్పినావు సూడు, అప్పుడు పద్నాలుగు దాకా ఎల్లిపోనాది. నీ కత రంజుగా అయినప్పుడల్లా నాకు ఊపిరందనేదు బావూ."

సిస్టరుగారు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ ఏడుపు వచ్చేసింది. ఆయన మంచం మీంచి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ పట్టులో ఇంకా బలం లేదు. "నాను సచ్చిపోతానని భయమేసిందన్నావు. నాకూ అదే భయం. సెప్పడానికి నోరు నేదు. నువ్వు సెప్తా ఉంటే ఇద్దరం ఉన్నాం గదా అనిపించినాది" అన్నాడు.

ఆ మెసేజి పంపనే లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడో కళ్ళ డాక్టరు, ఇద్దరు పిల్లలట. నేను విజయనగరంలో రోజూ మనుషుల్ని నిద్రపుచ్చుతున్నాను. వాళ్ళు నిద్రపోయాక కూడా ఏం చేస్తున్నదీ చెవిలో చెప్తూనే ఉంటాను, థియేటర్లో వాళ్ళు వెనకాల నవ్వుకుంటారని తెలుసు. ఒక్కోసారి, చేతిలో సంచి ఉన్నప్పుడు, వేళ్ళు పీకుతుంటే తనలో తాను భయపడుతున్న నాలోని ఆనాటి కుర్రాడు గుర్తొస్తాడు. ఎదురైతే తిట్టను. సంచి నేను అందుకుని, స్టూలు చూపించి, ఇప్పుడు చెప్పరా, ఆ అమ్మాయి నిన్ను చూసి ఎందుకు నవ్విందీ అని అడుగుతాను.